దారి ఎరిగినవాడు వద్దన్నప్పుడు



క్రిస్మస్ సందడి తీరి, సంక్రాంతి సెలవులు దగ్గర పడేసరికి మా ఐరాల చుట్టుపక్కల ఇళ్ళలో ఒక మాట తప్పక వినబడుతుంది: "తలకోనకు పోయొస్తాము." కాలేజీ పిల్లలు, బెంగుళూరులో పని చేసుకొనే అన్నలు, తిరుపతిలో నర్సింగు చదివే అక్కలు అందరూ ఊరు చేరే రోజులవి. మొదట నలుగురము అంటారు. బండి మాట్లాడే నాటికి పద్నాలుగు మంది అవుతారు. అంతలో వారిలో ఒకరు సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసి చూపిస్తారు. అడవి లోపల ఎక్కడో ఒక గుండము, పచ్చని నీళ్ళు, చుట్టూ మనిషి జాడ లేదు. "అందరూ చూసేది చూసి వస్తే ఏముంది? లోపలికి పోదాము. ఆ ఊరివాళ్ళే ఎవరో ఒకరు దారి చూపిస్తారులే" అంటారు. ఇక ఆ రాత్రి తల్లిదండ్రులకు నిద్ర ఉండదు.

ఈ నెల మన శీర్షికలో ఆ సంగతి మాట్లాడుకుందాము. పోవద్దని చెప్పడానికి కాదు. మా సంఘపు యౌవనస్థులతో మేమూ పోయి వచ్చినవారమే. అయితే దారి చూపే మనిషిని ఎందుకు పిలుచుకుంటామో తెలియకుండా అతని వెంట పోవడము మంచిది కాదని మా అభిప్రాయము.

తలకోన ఎరుగని వారి కొరకు రెండు మాటలు. భాకరాపేట మీదుగా నెరబైలు చేరితే అక్కడి నుండి అడవి దారి. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న ఎర్రావారిపాళెం మండలము అది. జలపాతము ఎత్తు 270 అడుగులు. మన రాష్ట్రములో ఇంత ఎత్తు నుండి దూకే నీరు వేరొకటి లేదని చెబుతారు. చుట్టూ ఉన్నది శేషాచలము కొండల అడవి. 1989లో ప్రభుత్వము దీనిని శ్రీ వేంకటేశ్వర జాతీయ వనముగా ప్రకటించింది. చెట్టు మీది నుండి చెట్టు మీదికి పాకిన గిల్లతీగలను చూస్తే ఇది తీగా, ఏనుగు తొండమా అనిపిస్తుంది. జలపాతము వరకు బాట ఉంది, మెట్లు ఉన్నాయి, మనుషులు ఉన్నారు. బాట విడిచి ఒక ఫర్లాంగు పక్కకు పోతే ఇవేవీ ఉండవు.

బాట విడిచిన చోట చదువు గాని ధైర్యము గాని ఎంతవరకు పనికి వస్తాయి? మన నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘము గ్రామమువాడైన మల్లి మస్తాన్ బాబును తలచుకోండి. పేద ఇంట పుట్టి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఐ.ఐ.టి., ఐ.ఐ.ఎం. దాకా వెళ్ళినవాడు. 2006లో ఏడు ఖండాలలోని ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజులలో ఎక్కినవాడు. కొండల విషయములో అతనికి నేర్పగలిగినవారు మన దేశములో ఎందరుంటారు? అటువంటివాడు 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో, అర్జెంటీనా, చిలీ దేశాల సరిహద్దున, ఒంటరిగా పైకి వెళ్ళి తిరిగి రాలేదు. వాతావరణము చెడిపోయింది. ఏప్రిల్‌లో అతని దేహము దొరికింది. సొంత ఊరికి తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో మట్టి చేశారు. అతనికి నలభై ఏళ్ళు. ఆ వీరుని తప్పు పట్టడానికి ఇది వ్రాయడము లేదు. అంతటివాని పక్కన కూడా ఆ క్షణములో "అన్నా, ఈ రోజుకు చాలు" అనే మనిషి లేకపోయాడు, అంతే.

ఇంకొక సంగతి మన జిల్లాకు దగ్గరిది. 2009 సెప్టెంబరు 2వ తేదీ మనలో ఎవరికి గుర్తు లేదు? అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు మన చిత్తూరు జిల్లా అనుపల్లెకు రచ్చబండ కార్యక్రమానికని హెలికాప్టరులో బయలుదేరారు. నల్లమలలో జాడ తప్పింది. విమానాలు వెదికాయి, ఉపగ్రహము తీసిన చిత్రాలు వెదికారు, వేల మంది పోలీసులు అడవిని చుట్టుముట్టారు. నేల మీద మాత్రము, వానలో, ఆ గుట్టల పేర్లు తెలిసిన చెంచులను కూడా ముందు పెట్టుకొని నడవవలసి వచ్చింది. మరుసటి రోజు ఉదయము పావురాలగుట్ట మీద ఆ హెలికాప్టరు కనబడింది. ప్రభుత్వమంతా కదిలినా అడవిలో అడుగు వేయడానికి అడవి మనిషి కావలసి వచ్చాడు.

ఈ జ్ఞానానికి బడి లేదు, సర్టిఫికెట్టు లేదు. అందుకే మనము దానికి విలువ కట్టము. తమిళనాడులో ఇరులవారని ఉన్నారు. మన యానాదుల వంటివారే, పాములు పట్టడములో ఆరితేరినవారు. 2017లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రములో కొండచిలువలు విపరీతముగా పెరిగిపోయి అక్కడి అధికారులకు దిక్కు తోచక, మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరులవారిని పిలిపించుకున్నారు. పొదల మధ్య జాడలు చూసుకుంటూ పోయి మొదటి కొద్ది రోజులలోనే పదమూడు కొండచిలువలను పట్టి చూపించారు. 2023లో మన ప్రభుత్వము ఆ ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చింది. మన యానాది పెద్దలకు మాత్రము ఇప్పటికీ ఊరి చివర గుడిసే.

"అయ్యగారూ, మేము ప్రార్థన చేసుకొనే బయలుదేరుతాము గదా" అని కొందరు పిల్లలు అంటారు. మంచిదే, చేసుకోవలసిందే. అయితే మోషే సంగతి వారికి గుర్తు చేస్తాము. పగలు మేఘము, రాత్రి అగ్ని ముందు నడుస్తున్నాయి. అయినా అరణ్యములో ఎక్కడ దిగాలో ఎరిగినవాడని హోబాబును తమతో రమ్మని మోషే బతిమాలుకున్నాడు. అతడు రానంటే మళ్ళీ అడిగాడు. సంఖ్యాకాండము పదవ అధ్యాయములో చూడండి. మేఘస్తంభము ఉన్నవాడే అడవి మనిషిని వదులుకోలేదు. పెట్రోలు బంకులో కొన్న నీళ్ళ సీసా తప్ప ఏమీ లేనివారము మనమెంత?

ఇక మా ప్రయాణము సంగతి. ఒక జనవరిలో మేము పదకొండు మందిమి వెళ్ళాము. గేటు దగ్గర అటవీశాఖ వారికి పేర్లు వ్రాయించి, ఎంతవరకు పోవచ్చునో అడిగాము. ఆ ప్రాంతపు పెద్దాయన ఒకరు తోడు వచ్చారు. అరవైకి దగ్గర వయసు. యానాది. తేనె తీసే పని తాత కాలము నుండి వస్తున్నదట. కాళ్ళకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు, చేతిలో ఒక మచ్చుకత్తి. మావాళ్ళ కాళ్ళకు మూడు వేల రూపాయల బూట్లు. గంట తిరగక ముందే జారి పడినవారు బూట్లవారే.

వెయ్యి రూపాయలు మాట్లాడుకున్నాము. పైన ఉన్న గుండము చూపించి తీసుకురావాలి. జలపాతము దాటి కొంత దూరము బాట బాగానే ఉంది. ఆ పైన గాలివానకు పెద్ద చెట్టొకటి తీగలతో సహా బాట మీద పడి ఉంది. ఆయన ఎడమ చేతికి తిరిగి రాళ్ళ మధ్య నుండి దింపారు. అక్కడి నుండి బాట అనేది లేదు. నడుము ఎత్తు బోద. దాని కింద రాళ్ళ మధ్య సందులు, కాలు వేసేదాకా తెలియవు. ఆయన ప్రతి అడుగూ కర్రతో పొడిచి చూసి వేస్తుంటే, వెనుక ఉన్న పిల్లలు పాటలు పాడుతూ ఆయన వేసిన చోట కాక పక్కన వేస్తున్నారు. ఒక పిల్లవాడి కాలు మోకాటి దాకా సందులో దిగబడింది. నలుగురము పట్టి మెల్లగా తీశాము. తోలు గీసుకుపోయిందే గాని ఎముకకు ఏమీ కాలేదు. పాటలు ఆగిపోయాయి.

మరి అరగంట నడిచాక ఒక వెదురు పొద దగ్గర ఆయన నిలబడిపోయారు. మాకేమీ కనబడలేదు. వెదురు కొన్ని విరిగి పడి ఉన్నాయి. ఆయన వంగి విరిగిన చోట వేలు పెట్టి చూశారు, ఇంకా తడిగా ఉంది. కొంచెము ముందు ఇసుకలో ఒక అడుగు, మా ఇంటి వంటగదిలోని అట్లపెనమంత వెడల్పు. అంచులు ఇంకా రాలలేదు, చీమ కూడా నడవలేదు. ఆయన ఒక తీగ తెంపి ఆ అడుగు చుట్టూ వేసి కొలిచి, ఆ కొలతకు రెండింతలు చేసి చేయి పైకెత్తి చూపించారు. ముందు కాలి అడుగు చుట్టుకొలతకు సుమారు రెండింతలు ఏనుగు భుజము ఎత్తు. మావటివారికీ, ఏనుగుల గురించి చదివిన శాస్త్రజ్ఞులకూ తెలిసిన లెక్క ఇది. ఆయనకు వాళ్ళ నాయన చెప్పాడట. దాని పక్కనే చిన్న అడుగులు. పిల్ల ఏనుగు.

"అయ్యా, ఇంక పొయ్యేదానికి లేదు. తిరుక్కోండి" అన్నారు.

మావాళ్ళు ఒప్పుకుంటారా? "తాతా, ఇంకెంత దూరము? పావుగంటేనా? మెల్లగా పోదాము, శబ్దము చేయములే" అని బతిమాలారు. ఒకడు ఫోను తీసి ఏనుగు ఫోటో దొరుకుతుందేమోనని ఎత్తి పట్టుకున్నాడు. ఆయన కోపపడలేదు. చిటికెడు దుమ్ము తీసి గాలిలో వదిలారు. అది మా మీద నుండి పొద వైపు పోయింది.

"గాలి మన యెనక నించి ఆ పక్కకే పోతాండాది. మనము దానికి అగపడబల్లేదు, వాసనే చాలు. బిడ్డ ఉండే తల్లి అది. మీరు సాయంత్రానికి ఊరికి పోతారు. నేను రేపు గూడా ఈ కొండకే రావాల."

మేము వెంటనే తిరుగుదామన్నాము. తిరిగాము. దారిలో ఏనుగు రాలేదు. ఘీంకారము వినబడలేదు. ఒక కుందేలు కూడా కనబడలేదు. మూడు గంటలకు క్షేమముగా బండి దగ్గర కూర్చొని పులిహోర తిన్నాము. ఇక్కడే అసలు తగాదా మొదలైంది.

"గుండము చూపించలేదు గదా అయ్యగారూ, సగము దూరమే గదా పోయింది. సగము ఇస్తే చాలదా?" అన్నాడు ఒకడు. డబ్బు పోగు చేసినవాడు అతడే కనుక అతనికి బాధ ఉంది. ఇంకొకడు, "ఏనుగులని చెప్పి భయపెట్టి పని తప్పించుకున్నాడేమో" అని కూడా అన్నాడు. ఆ పెద్దాయన కొంచెము దూరములో కూర్చొని చెప్పులో ముల్లు తీసుకుంటున్నారు. వినబడే ఉంటుంది. తల ఎత్తలేదు.

మేము నోరు తెరవకముందే మా సంఘములోని ఒక రైతు బిడ్డ అందుకున్నాడు. వాళ్ళ మామిడి తోటలో రెండు బోర్లు వరుసగా ఎండిపోయిన సంవత్సరము అది. "బోరు బండివానికి నీళ్ళు పడకపోయినా అడుగుల లెక్కన డబ్బు లెక్కబెట్టి ఇస్తిమి గదరా. అప్పుడు మీ నాయనా ఇచ్చినాడు, మా నాయనా ఇచ్చినాడు. ఈయన దగ్గరికొచ్చేసరికి లెక్క మారిందా?" అన్నాడు. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. వెయ్యి రూపాయలూ పెద్దాయన చేతిలో పెట్టాము. ఆయన రెండు చేతులతో తీసుకొని నడుముకు దోపుకున్నారు.

ఆ పిల్లల అనుమానము ఇళ్ళలో పెద్దలకు కూడా ఉంటుంది కనుక ఇంకొంచెము వివరిస్తాము. మన జిల్లా అడవులలో ఏనుగు అనేది సుమారు రెండు వందల ఏళ్ళు లేదు. 1980ల మధ్యలో తమిళనాడు, కర్ణాటక అడవుల వైపు నుండి గుంపులుగా పలమనేరు, కుప్పము ప్రాంతానికి వచ్చాయి. వాటి కొరకే 1990 డిసెంబరులో కౌండిన్య అభయారణ్యము ఏర్పడింది. అక్కడి నుండి కొన్ని శేషాచలము వైపు కూడా సాగాయి. పంట పొలాల మీద పడే గుంపులను తరమడానికి 2025 మే నెలలో కర్ణాటక నుండి శిక్షణ ఇచ్చిన కుంకీ ఏనుగులను కూడా తెప్పించారు. ఏనుగు బరువుగా నడుస్తుంది గనుక పరుగెత్తి తప్పించుకోవచ్చునని అనుకోకండి. రాళ్ళలో, బోదలో మనిషి దాని ముందు నిలవలేడు. వెదురు పొదలో పది అడుగుల దూరాన నిలబడి ఉన్నా కనబడదు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అడవి గుండా కాలినడకన పోతున్నవారిపై, అప్పటి అన్నమయ్య జిల్లా ఓబులవారిపల్లె మండలములోని గుండాలకోన దగ్గర ఏనుగులు పడ్డాయి. ముగ్గురు చనిపోయారు. వారు ఆ ప్రాంతమువారే, కొత్తవారు కారు. మేము చూసిన అడుగు మాకు ఆ వార్త నాడు మళ్ళీ గుర్తుకు వచ్చింది.

దారి చూపినవానికి ఉన్న భయము ఏనుగు ఒక్కటే కాదు. ఎర్రచందనము పుట్టే అడవి ఇది. దొంగరవాణా వలన ఈ కొండలలో ఎంత రక్తము చిందిందో మనకు తెలుసు. 2015 ఏప్రిల్ 7న శేషాచలములో పోలీసు కాల్పులలో తమిళనాడు నుండి వచ్చిన ఇరవై మంది కూలీలు చనిపోయారు. అటువంటి చోట బాట విడిచి కొత్తవారిని లోపలికి తీసుకొని పోతే, దొరికిన నాడు మనము "టూరిస్టులము" అంటే వదిలిపెడతారేమో. మచ్చుకత్తి పట్టుకొని ఉన్న ఆ అడవి మనిషిని ఏమని అడుగుతారు? కనుక "ఎవరికీ తెలియకుండా తీసుకుపో, ఇంకో ఐదు వందలు ఇస్తాము" అని ఆశ పెట్టడము పాపము. ఐదు వందల అవసరము ఉన్నవాడు కాదనలేడు. వాని అవసరాన్ని వాని మెడకు తాడు చేయకూడదు.

ఎవరెస్టు సంగతి కూడా ఇంతే. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లా ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు మనమందరము సంతోషించాము. (మన పక్కనున్న పాకాల అనుకొని పొంగిపోయినవారు మా సంఘములోనే ఇద్దరున్నారు.) పూర్ణకు అప్పుడు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్లలు టిబెట్ వైపు నుండి ఎక్కారు. దానికి నెల ముందు, ఏప్రిల్ 18న, అదే కొండకు నేపాల్ వైపున మంచు చరియ విరిగి పడి పదహారు మంది స్థానికులు చనిపోయారు. ఎక్కబోయే దొరల కొరకు తాళ్ళు కట్టి, మూటలు మోసి దారి సిద్ధము చేస్తున్నవారు వారు. వారి కుటుంబాలకు నేపాల్ ప్రభుత్వము మొదట ప్రకటించిన సొమ్ము నలభై వేల నేపాలీ రూపాయలు. మిగిలిన షెర్పాలు ఆ యేడు ఇక ఎక్కమని కూర్చున్నారు. శిఖరము మీద జెండాతో నిలబడిన ఫోటోలో వారు కనబడరు.

ఇప్పుడు మా దగ్గరకు వచ్చిన ఒక తల్లి ప్రశ్నకు జవాబు చెబుతాము. "మా పాప కూడా పోతానంటున్నది. ఆడపిల్లను పంపవచ్చునా?" అని అడిగారు. ఆడపిల్ల అని ఆపవలసిన పని లేదు. పెద్దవారు ఇద్దరైనా తోడు ఉన్నారా, గేటు దగ్గర అనుమతి తీసుకుంటారా, దారి చూపే మనిషిని ఎవరు పిలుస్తున్నారు, ఆ మనిషి పేరూ ఊరూ మీకు తెలుసా అని అడగండి. ఎన్ని గంటలకు తిరుగుముఖము పడతారో బయలుదేరకముందే చెప్పించుకోండి. ఫోను అందదు గనుక ఆ గంట దాటితే ఎవరిని అడగాలో వ్రాయించి పెట్టుకోండి. మద్యము తెచ్చే గుంపుతో మగపిల్లవాడిని కూడా పంపవద్దు.

ఎండాకాలములో అయితే ఏ అడవికీ వద్దని మా మాట. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండలలో నడకకు పోయినవారిని కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది చదువుకున్న యువతీ యువకులు, ఉద్యోగస్థులు. ఎండిన బోదలో మంట గాలితో పాటు కొండ ఎక్కుతుంది, మనిషి కంటె వేగముగా. వానలు పడే రోజులలో మరొక ప్రమాదము. మనము నిలబడిన చోట ఎండ కాస్తున్నా పైన కొండ మీద కురిసిన వాన ఏటిలో ఒక్కసారిగా దిగుతుంది. ఆ రోజులలో గుండములో దిగవద్దని మనిషి చెబితే దిగవద్దు.

ఆ తల్లికి ఇంకొకటి కూడా చెప్పి పంపాము. పాప సంచిలో అన్నము పొట్లము రెండు కట్టండి. దారి చూపేవారు తమ అన్నము తెచ్చుకోరు, అడగరు. మధ్యాహ్నము మనవారు కూర్చొని తింటుంటే వారు కాస్త ఎడముగా పోయి నిలబడతారు. జనవరిలో కొండల మధ్య పెందలాడే చీకటి ముసురుతుంది గనుక భోజనము పన్నెండుకే ముగించి, మూడు గంటలకల్లా బండి దగ్గరకు చేరేటట్లు చూసుకొమ్మని చెప్పాము.